ఉల్లిపాయ కోస్తే తెగేదేమిటి?

కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయను చేతిలోకి తీసుకున్నంతసేపూ కళ్లకు ఏమీ కాదు. పొట్టు వలిచినా కాదు. ముక్కు దగ్గర పెట్టుకున్నా పెద్దగా ఘాటు తెలియదు. కత్తి దిగగానే మొదలవుతుంది మంట. అంటే ఆ ఘాటు ఉల్లిపాయలో ముందే తయారై కూర్చున్నది కాదు. మనం కోశాక, అక్కడికక్కడే, ఆ క్షణంలో పుడుతున్నది.

ఉల్లిపాయ నిండా కంటికి కనిపించని గదులున్నాయి. ప్రతి గదిలోనూ రెండు సరుకులు వేరువేరు చోట్ల ఉంటాయి. ఒకటి గంధకం కలిసిన పదార్థం. రెండోది దాన్ని విడగొట్టే ఎంజైము. మొదటిది గదిలోని చిక్కటి ద్రవంలో ఉంటుంది, రెండోది గది మధ్యలో ఉన్న నీటి సంచిలో ఉంటుంది. మధ్యలో అడ్డం ఒక పలచటి పొర, అంతే. ఉల్లిపాయ నెలల తరబడి బుట్టలో పడున్నా ఆ రెండూ కలవవు. కత్తి ఆ పొరను చీల్చగానే కలుస్తాయి. ఒకదాని వెంట ఒకటిగా మార్పులు జరిగి ఒక వాయువు పైకి లేస్తుంది, కంటి తడిలో కరుగుతుంది, కన్ను మండి దాన్ని కడిగేసుకోవడానికి నీళ్లు కారుస్తుంది. పదునైన కత్తితో కోస్తే కన్నీళ్లు తక్కువని వంటింట్లో అనే మాట నిజమే. మొద్దు కత్తి కోయడం కంటే నలపడం ఎక్కువ చేస్తుంది, కాబట్టి ఎక్కువ గదులు పగులుతాయి.

ఆ గదే కణం.

తొమ్మిదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన ఇన్నేళ్లలో కణం పాఠాన్ని చాలాకాలం నేను తప్పుగా మొదలుపెట్టానని ఇప్పుడు అనిపిస్తుంది. బోర్డు మీద గుండ్రంగా బొమ్మ వేసేవాణ్ని, బాణాలు గీసేవాణ్ని, పేర్లు రాసేవాణ్ని. పిల్లలు 'మైటోకాండ్రియా కణ శక్త్యాగారాలు, లైసోజోములు స్వయం విచ్ఛిత్తి సంచులు' అని ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవారు. మార్కులు కూడా వచ్చేవి. ఇవన్నీ ఇలా విడివిడిగా ఎందుకున్నాయని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. అడగాలనిపించేలా నేను చెప్పలేదు. ఇప్పుడైతే ఉల్లిపాయతో మొదలుపెడతాను. కలవకూడనివాటిని కలవనివ్వకుండా, కలవాల్సినప్పుడు కలవాల్సినంతే కలవనిచ్చే ఏర్పాటు పేరే కణం. ఇది మనసులో పెట్టుకుంటే భాగాల పేర్లు వాటంతటవే గుర్తుంటాయి.

ముందు ఆ గదిని చూద్దాం. ఉల్లిపాయను నాలుగు చెక్కలు చేసి, కండగల పొర ఒకటి తీసి మెల్లగా విరిస్తే, లోపలి వైపున గాజుకాగితం లాంటి పలచని పొర విడివడి వేలాడుతుంది. దాన్ని గాజుపలక మీద నీటి చుక్కలో మడత పడకుండా పరవాలి. ఒక చుక్క సాఫ్రనిన్ రంగు వేయాలి. కవర్ స్లిప్పును ఒక్కసారి పడేయకుండా సూది ఆసరాతో ఏటవాలుగా దించాలి. తొందరపడితే గాలి బుడగలు చిక్కుకుంటాయి. నల్లటి అంచుతో గుండ్రంగా ఉండే ఆ బుడగల్నే కణాలనుకుని బొమ్మ వేసే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. సరిగ్గా కుదిరితే ఇటుకలు పేర్చిన గోడలా వరుసలు కనిపిస్తాయి. ఒక్కో ఇటుకలో ఎర్రటి చుక్క ఒకటి, దాదాపు ఎప్పుడూ అంచుకు నొక్కుకుని ఉంటుంది.

'మధ్యలో అంతా ఖాళీగా ఉంది సార్' అంటారు పిల్లలు. వాళ్ల తప్పేం లేదు, మనం పెట్టిన పేరే అలాంటిది. ఆ చోటును రిక్తిక అంటాం, రిక్తం అంటే ఖాళీ. నిజానికి అది ఖాళీ కాదు. నీళ్లు, లవణాలు, చక్కెరలు, రంగులు, ఇందాక చెప్పుకున్న ఎంజైము, అన్నీ నింపుకున్న సంచి. ఎదిగిన మొక్క కణంలో చాలా భాగాన్ని ఇదొక్కటే ఆక్రమిస్తుంది. ఎర్ర చుక్క, అంటే కేంద్రకం, అంచుకు జరిగి ఉండేది అందుకే. తోటకూర కట్ట వాడిపోవడమంటే ఈ సంచుల్లో నీరు తగ్గి కణాలు బిగువు కోల్పోవడం. నీళ్లు చిలకరిస్తే సంచులు మళ్లీ నిండి ఆకు తల ఎత్తుతుంది.

ఇక్కడ రెండు మాటల దగ్గర చాలామంది తడబడతారు, కణకవచం, కణత్వచం. తేడా తెలియాలంటే ఒక బీట్‌రూట్ చాలు. చక్రాలుగా తరిగి, కోసిన చోట అంటిన రంగు పోయేదాకా కడిగి, చల్లటి నీళ్లలో వేయండి. నీరు పెద్దగా ఎర్రబడదు. ఇంకో నాలుగు ముక్కలు మరిగే నీళ్లలో వేయండి. నిమిషాల్లో గిన్నె అంతా ఎరుపు. ఆ రంగు ఉండేది రిక్తికలో. దాన్ని పట్టి ఉంచినవి రిక్తిక చుట్టూ, కణం చుట్టూ ఉన్న పలచటి పొరలు. వేడికి అవి చెడిపోయాయి, రంగు బయటికొచ్చేసింది. అయినా ఉడికిన ముక్క చక్రంలాగే ఉంది కదా? ఆకారం నిలబెట్టింది పొర బయట ఉన్న గట్టి గోడ, కణకవచం. గోడ ఉంది, పొర పోయింది. గోడ ఆకారాన్ని కాస్తుంది, పొర లోపలి సరుకును కాస్తుంది. మన శరీర కణాలకు గోడ లేదు, పొర ఒక్కటే ఉంది.

1665లో లండన్‌లో రాబర్ట్ హుక్ బెండుముక్కను పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూసి, చిన్న గది అనే అర్థంలో ఒక పేరు పెట్టాడు. ఆ పేరే కణానికి ఇంగ్లిషులో స్థిరపడిపోయింది. ఆయన చూసింది గోడల్నే. లోపల కాపురముండాల్సినవి ఎప్పుడో ఎండిపోయాయి. గోడ మాత్రమే మిగిలిన కణాన్ని చూడాలంటే మనం బెండు దాకా వెళ్లక్కర్లేదు. పత్తికాయ పగిలితే కనిపించే దూదిలో ప్రతి పోగూ ఒకే ఒక్క కణం. గింజ పైతొక్కలోని కణం రెండు మూడు సెంటీమీటర్ల పొడవు సాగి, లోపల పొరమీద పొరగా సెల్యులోజు పేర్చుకుని, చివరికి ఎండిపోతుంది. గుంటూరులో, వరంగల్‌లో, ఆదిలాబాద్‌లో రైతు ఏరేది ఆ గోడల్నే. పొందూరు ఖాదీ పంచె కట్టుకున్నా, మామూలు నూలు తువ్వాలు భుజాన వేసుకున్నా ఒంటి మీద ఉన్నది కణకవచాలే.

ఇక పొర, అంటే కణత్వచం సంగతి. నా మట్టుకు నాకు కణంలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

మాగాయ పెట్టే ఇంట్లో కణత్వచాన్ని ఏటా చూస్తూనే ఉంటారు. మామిడికాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీకి ఎత్తుతారు. ఒక్క చుక్క నీరు పోయరు. అయినా మర్నాటికి ఊట ఊరుతుంది. మూడో రోజు ముక్కల్ని పిండి ఎండలో వేస్తారు. ఆ ఊట ఎక్కడి నుంచి వచ్చింది? ముక్కలోని కణాల్లోంచి. బయట ఉప్పు చిక్కగా ఉంది. కణత్వచం నీటిని దాటనిస్తుంది, ఉప్పును అంత తేలిగ్గా దాటనివ్వదు. కాబట్టి ఉప్పు లోపలికి పోయే బదులు నీరే బయటికి నడుస్తుంది. పుస్తకంలో దీన్నే ద్రవాభిసరణం అన్నాం. తర్వాత కణాలు చచ్చిపోతాయి, పొరలు పట్టు తప్పుతాయి. ఇక అడ్డుండదు. పులుపు ఊటలోకి దిగుతుంది, ఉప్పు ముక్కలోకి ఎక్కుతుంది. ముక్క ఊరడం అంటే అదే.

ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ సీసా మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది. 100 మిల్లీలీటర్లకు 0.9 గ్రాముల ఉప్పు. ఎర్ర రక్తకణం లోపలి చిక్కదనానికి సరితూగేలా వేసిన లెక్క అది. ఉత్త నీరు నరంలోకి ఎక్కిస్తే అది ఎర్రకణాల్లోకి చొరబడి వాటిని ఉబ్బించి పగలగొడుతుంది. ఉప్పు మరీ ఎక్కువైతే అవి మాగాయ ముక్కల్లా ముడుచుకుపోతాయి.

ఇంత పని చేసే పొర మందం సుమారు 5 నానోమీటర్లు. మామూలు కాగితం మందంలో ఇలాంటివి ఇరవై వేల దాకా పేర్చవచ్చు. అది కొవ్వు అణువుల రెండు వరుసలు. ఒక్కో అణువుకు నీటిని ఇష్టపడే తల, నీటిని ఇష్టపడని తోకలు ఉంటాయి. కణం లోపలా నీరే, బయటా నీరే. కాబట్టి తలలు రెండు వైపులా నీటిలోకి తిరిగి, తోకలు మధ్యలో ఒకదానితో ఒకటి చేరతాయి. ఎవరూ కుట్టక్కర్లేదు, అతకక్కర్లేదు. చారు మీద నూనె బొట్లు ఒకదానికొకటి చేరే గుణమే ఇక్కడ పొరను నిలబెడుతోంది. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎర్రకణాల పొరలోని కొవ్వును తీసి నీటి మీద పరిచి చూశారు. కణాల పైవైశాల్యం ఎంతో, దానికి సరిగ్గా రెట్టింపు వచ్చింది. రెండు వరుసలున్నాయని అలా తేలింది. నిజానికి వాళ్ల లెక్కలో రెండు పొరపాట్లున్నాయి. కొవ్వు పూర్తిగా తీయలేదు, కణం వైశాల్యాన్నీ తక్కువగా లెక్కించారు. ఒక తప్పు ఇంకో తప్పుతో కొట్టుకుపోయి సరైన జవాబు మిగిలింది.

కొవ్వు పొర ఒక్కటే అయితే కణం ఆకలితో చచ్చేది. చక్కెర, లవణాలు దాని గుండా పోలేవు. అందుకే పొరలో ప్రొటీన్ ద్వారాలు ఇమిడి ఉంటాయి. ప్రతి ద్వారానికీ ఒక నియమం. నీరు వేగంగా పోయే ద్వారాన్ని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది. నేను పిల్లలకు తప్పకుండా చెప్పేది మాత్రం ఇంకో ద్వారం గురించి. విరేచనాలైన బిడ్డకు ఉప్పుతో పాటు పంచదార కూడా కలిపి తాగించమంటారు. పంచదార నీరసం తగ్గడానికని అందరం అనుకుంటాం. దాని అసలు పని వేరు. పేగు గోడలోని కణాల మీద ఉండే ఒక ద్వారం ఉప్పులోని సోడియంను, పంచదారలోని గ్లూకోజును జంటగా వస్తేనే లోపలికి తీసుకుంటుంది. అవి లోపలికి వెళితే వాటి వెంట నీరు వెళుతుంది. ఉత్త ఉప్పునీళ్లు ఎన్ని తాగించినా ఒంటికి అంతగా పట్టకపోవడానికి కారణం ఇదే. కలరా పేగును ఎంత అతలాకుతలం చేసినా ఈ జంట ద్వారం మాత్రం చెడిపోదు. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ సంగతి ప్రతిపాదించాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, బెంగాల్ సరిహద్దున బన్‌గావ్ శరణార్థి శిబిరాల్లో కలరా వ్యాపించి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపి డ్రముల్లో పెట్టి తాగించారు. వందకు ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు కన్నా తక్కువకు దిగాయి. ఆ రోగుల్ని బతికించింది కణత్వచంలోని ఒక ద్వారం, దాని నియమం తెలిసిన ఒక వైద్యుడు.

లోపలికి వెళదాం. కేంద్రకాన్ని 1831లో ఆర్కిడ్ మొక్కల కణాల్లో చూసి పేరు పెట్టినవాడు రాబర్ట్ బ్రౌన్. మన కణాల్లో దాని అడ్డుకొలత మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. అందులో 46 ముక్కలుగా ఉన్న డి.ఎన్.ఎ.ని వరసగా అతికితే సుమారు 2 మీటర్లు. కేంద్రకం చుట్టూ ఒకటి కాదు, రెండు పొరలు. వాటి నిండా కాపలా ఉన్న రంధ్రాలు.

రిజిస్ట్రారు ఆఫీసులో అసలు దస్తావేజు గడప దాటదు, కావలసినవాళ్లకు నకలు ఇస్తారు. కేంద్రకంలోనూ అంతే. డి.ఎన్.ఎ. బయటికి రాదు. ఏ ప్రొటీను కావాలో ఆ భాగానికి మాత్రం ఆర్.ఎన్.ఎ. అనే నకలు తయారవుతుంది. అయితే మన కణాల్లో మొదట తయారైన నకలులో అక్కర్లేని ముక్కలు మధ్యమధ్య ఉంటాయి. వాటిని కత్తిరించి మిగతావాటిని అతికాకే నకలు చదవడానికి పనికొస్తుంది. కత్తిరింపు పూర్తికాకముందే ఎవరైనా చదివేస్తే తప్పుడు ప్రొటీన్లు పుడతాయి. రాసేచోటుకీ చదివేచోటుకీ మధ్య కేంద్రకం పొరలు అడ్డున్నాయి కాబట్టి ఆ ప్రమాదం తప్పుతోంది. బ్యాక్టీరియాకు కేంద్రకం లేదు. అక్కడ ఒక కొస ఇంకా రాస్తుండగానే రెండో కొసను చదవడం మొదలవుతుంది. దానికి వేగం కావాలి, మనకు దిద్దుబాటు కావాలి.

నకలును చదివి ప్రొటీను అల్లేవి రైబోజోములు. నేను చెబుతున్న అడ్డుపొరల కథకు ఇవి లొంగవు, వీటికి పొర లేదు. ఆర్.ఎన్.ఎ., ప్రొటీన్లు కలిసి ముద్దగట్టిన యంత్రాలివి, ఒక్కో కణంలో లక్షల్లో ఉంటాయి. వీటి నిర్మాణాన్ని అణువు అణువుగా తేల్చినందుకు 2009లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఒకరు. ఈ పని జబ్బులకు దూరమైనది కాదు. బ్యాక్టీరియా రైబోజోముకూ మన రైబోజోముకూ నిర్మాణంలో తేడా ఉంది. టెట్రాసైక్లిన్ జాతి మందులు బ్యాక్టీరియా రైబోజోముకు అడ్డుపడి దాన్ని ఆపేస్తాయి, మనవాటి జోలికి దాదాపు రావు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి అందింది. అది పుట్టిన లెడర్లే పరిశోధనశాలకు అప్పుడు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు ఇంకో చోట కూడా వస్తుంది.

అంతర్జీవద్రవ్యజాలం, గాల్జీ సంక్లిష్టం. పిల్లలు నోరు తిరక్క వదిలేసే పేర్లు. ఇన్సులిన్ వెంట నడిస్తే ఈ రెండూ సులువుగా దాటవచ్చు.

క్లోమంలోని బీటా కణంలో ఒక రైబోజోము ఇన్సులిన్ అల్లడం మొదలుపెట్టింది. మొత్తం 110 అమైనో ఆమ్లాల దండ. మొదటి 24 ఉత్తరం మీది చిరునామా లాంటివి. అవి బయటికి రాగానే కణం ఆ చిరునామా చదివి, రైబోజోమును తీసుకెళ్లి అంతర్జీవద్రవ్యజాలం అనే మడతల పొరకు ఆనించి పెడుతుంది. దండ అల్లుతున్నకొద్దీ ఆ పొర లోపలికి దిగిపోతుంది. చిరునామా పని అయిపోయింది కాబట్టి దాన్ని కత్తిరించేస్తారు. ప్రొటీన్లకు ఇలా చిరునామాలుంటాయని తేల్చిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ ఇచ్చారు. జాలం లోపల దండ సరిగ్గా మడత పడుతుంది, గంధకపు ముడులు పడతాయి. మడత కుదరనివాటిని అక్కడే ఏరి పారేస్తారు. తర్వాత చిన్న చిన్న పొర సంచుల్లో గాల్జీకి చేరుతుంది. గాల్జీ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పళ్లేల దొంతర లాంటిది. ఏది ఎక్కడికి పోవాలో అక్కడ వేరుచేసి సంచుల్లో కడతారు. 1898లో ఇటలీలో కమిల్లో గాల్జీ గుడ్లగూబ మెదడు కణాల్లో దీన్ని చూసినప్పుడు, అది నిజం కాదు, వేసిన రంగు వల్ల కలిగిన భ్రమ అన్నవాళ్లున్నారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక గానీ, అంటే 1950ల దాకా, ఆ వాదన తెగలేదు.

సంచిలో ఉండగానే దండ మధ్యలోని 31 అమైనో ఆమ్లాల ముక్క తెగి వేరవుతుంది. మిగిలిన రెండు తీగలు, 21, 30, కలిసి 51 అమైనో ఆమ్లాల అసలైన ఇన్సులిన్. తెగిన ముక్క కూడా అదే సంచిలో ఉండిపోతుంది. భోజనమయ్యాక రక్తంలో చక్కెర పెరిగితే సంచి కణత్వచంతో కలిసిపోయి రెండింటినీ బయటికి వదులుతుంది. ఆ 31 ముక్క పేరే సి-పెప్టైడ్. మధుమేహం ఉన్నవాళ్లకు డాక్టరు రాసే సి-పెప్టైడ్ పరీక్ష దీన్నే కొలుస్తుంది. ఇంజెక్షన్‌గా తీసుకునే ఇన్సులిన్‌లో ఈ ముక్క ఉండదు కాబట్టి, రోగి సొంత క్లోమం ఇంకా ఎంత తయారుచేస్తోందో దీనివల్ల తెలుస్తుంది. ఒక కణం లోపల, ఒక సంచిలో, ఒక తెగిన ముక్క మిగిలిపోవడం వల్ల మన చేతికి అందిన పరీక్ష ఇది.

లైసోజోమును కనిపెట్టిన కథ కూడా ఇన్సులిన్ దగ్గరే మొదలైంది. 1949లో బెల్జియంలోని లూవేన్‌లో క్రిస్టియన్ ద దువ్ కాలేయంలో ఇన్సులిన్ ఎలా పనిచేస్తుందో చూద్దామని ఎలుక కాలేయాన్ని మెత్తగా నూరి పరీక్షిస్తున్నాడు. పనిలో పనిగా కొలుస్తున్న ఒక ఎంజైము ఉండాల్సిన దానిలో పదో వంతే కనిపించింది. అదే గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టి ఐదు రోజుల తర్వాత కొలిస్తే చాలా రెట్లు పెరిగింది! చాలామంది ఏదో పొరపాటు జరిగిందని పారబోసేవారు. ఆయన పారబోయలేదు. ఎంజైము మొదటి నుంచీ అంతే ఉంది, కానీ ఏదో సంచిలో మూసి ఉంది, ఐదు రోజుల్లో సంచులు చెడి అది బయటపడింది అనుకున్నాడు. కోయని ఉల్లిపాయ ఘాటు తెలియనట్టే ఇదీ. 1955లో ఆ సంచికి లైసోజోము అని పేరు పెట్టాడు, 1974లో నోబెల్ అందుకున్నాడు.

పనికిరానివాటిని, లోపలికి చిక్కిన బ్యాక్టీరియాను, పాతబడ్డ కణాంగాలను అరగదీసే ఎంజైములన్నీ ఇందులో ఉంటాయి. పుల్లటి వాతావరణంలోనే అవి బాగా పనిచేస్తాయి, సంచి లోపల ఆ పులుపును కణమే నిలబెడుతుంది. ఒకటీ అరా సంచి కారినా, బయటి ద్రవంలో అంత పులుపు లేదు కాబట్టి ఎంజైములు మందగిస్తాయి. పొర ఒక కాపలా, పులుపు రెండో కాపలా. అందుకే 'స్వయం విచ్ఛిత్తి సంచులు' అనే పేరు వీటికి న్యాయం చేయదని నా అభిప్రాయం. రోజూ చేసేది శుభ్రం చేసే పని. పుట్టుకతో ఇందులో ఏ ఒక్క ఎంజైము లోపించినా అరగని సరుకు పోగుపడి పిల్లల్లో తీవ్రమైన జబ్బులు వస్తాయి. వాటిలో ఒకటైన గోషే వ్యాధికి ఆ లోపించిన ఎంజైమునే నరంలోకి ఎక్కిస్తున్నారు.

ఇప్పుడు మైటోకాండ్రియా. శక్త్యాగారం అన్న మాట తప్పు కాదు గానీ, శక్తి ఎలా వస్తుందో అది చెప్పదు. నాగార్జునసాగర్‌లో కరెంటు ఎలా పుడుతుంది? గోడకు ఒక పక్క నీరు ఎత్తులో ఆగి ఉంటుంది, ఇంకో పక్కకు దిగేటప్పుడు టర్బైను తిప్పుతుంది. గోడ లేకపోతే అంత నీరున్నా దీపం వెలగదు. మైటోకాండ్రియా లోపలి పొర అలాంటి గోడ. తిన్న అన్నం నుంచి వచ్చిన శక్తితో ఆ పొర ప్రోటాన్లను ఒక పక్కకు నెట్టి కూడబెడుతుంది. అవి తిరిగి ఇవతలికి రావాలంటే పొరలో ఇమిడిన ఒక ప్రొటీను గుండానే రావాలి. వస్తూ దాన్ని గిరగిరా తిప్పుతాయి, సెకనుకు వంద చుట్లకు అటూ ఇటుగా. ప్రతి చుట్టుకూ మూడు ఏ.టీ.పీ. అణువులు, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు, తయారవుతాయి. మనం పీల్చే ప్రాణవాయువులో ఎక్కువ భాగం ఖర్చయ్యేది ఇక్కడే. 1961లో పీటర్ మిచెల్ ఈ మాట అన్నప్పుడు చాలామంది ఒప్పుకోలేదు, 1978లో ఆయనకే నోబెల్ వచ్చింది.

ఏ.టీ.పీ.ని కండరంలో మొదట గుర్తించింది 1929లో, రెండు చోట్ల. జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కె, సుబ్బారావు. 1925లోనే ఫిస్కె, సుబ్బారావు రక్తంలో, కండలో భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఇప్పటికీ అది ఫిస్కె-సుబ్బారావు పద్ధతిగానే ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను చూపారు. ప్రతి మనిషి రోజుకు తన ఒంటి బరువుకు దగ్గర్లో ఏ.టీ.పీ.ని తయారుచేసి ఖర్చుపెడతాడని అంచనా. ఒక్కో అణువే రోజులో ఎన్నో వందలసార్లు ఖాళీ అయి మళ్లీ నిండుతుంది.

గోడకు కావాలనే గండి కొట్టే చోటు కూడా ఒకటుంది. పసిబిడ్డ వీపు మీద, రెక్కల ఎముకల మధ్య గోధుమరంగు కొవ్వు ఉంటుంది. అక్కడి మైటోకాండ్రియా పొరలో ఒక ప్రొటీను ప్రోటాన్లను టర్బైనుకు పోనివ్వకుండా వేరే దారిన వదిలేస్తుంది. ఏ.టీ.పీ. రాదు, వేడి వస్తుంది. మనలా వణికి వేడి పుట్టించుకోలేని పసికందుకు ఆ గండే కుంపటి.

మైటోకాండ్రియాకు సొంత డి.ఎన్.ఎ. ఉంది, 16,569 అక్షరాలు, 37 జన్యువులు, తల్లి నుంచి మాత్రమే వస్తుంది. దాని రైబోజోములు బ్యాక్టీరియావాటిని పోలి ఉంటాయి. ఎప్పుడో ఒక కణం లోపలికి చేరిన బ్యాక్టీరియా తిరిగి వెళ్లకుండా అక్కడే స్థిరపడి ఇలా అయిందని 1967లో లిన్ మార్గులిస్ రాసింది. ఇప్పుడు అది పాఠ్యపుస్తకాల మాట. మొక్కల్లోని హరితరేణువులదీ ఇదే వంశకథ. పచ్చిమిర్చి పండుమిర్చి అయ్యేటప్పుడు ఈ హరితరేణువులే పచ్చదనం పోగొట్టుకుని ఎర్ర రంగు నింపుకున్న రేణువులుగా మారతాయి.

ఇన్ని సంచుల్ని ఒకచోట నుంచి ఇంకోచోటికి చేర్చడానికి కణంలో సన్నటి గొట్టాల పట్టాలుంటాయి. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోముల్ని చెరో పక్కకు లాగేవీ ఇవే. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ ఈ గొట్టాలను కట్టుకోనివ్వదు, చీలాల్సిన కణం ఆగిపోతుంది. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఈనాటికీ అది ముఖ్యమైన మందు. అదే జబ్బుకు 1948లో బాస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాడి చూపిన అమినాప్టెరిన్ సుబ్బారావు బృందం పంపినదే. అది డి.ఎన్.ఎ. తయారీని అడ్డుకుంటుంది.

ప్రయోగశాలల్లో కణాల్ని గాజు పళ్లేల్లో పెంచేవాళ్లకు రోజూ ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇందులో బతికున్నవెన్ని, చచ్చినవెన్ని? చచ్చిన కణంలోనూ కేంద్రకం ఉంటుంది, మైటోకాండ్రియా ఉంటాయి, బొమ్మలో గుర్తించమన్న భాగాలన్నీ ఇంకా ఉంటాయి. చూసి చెప్పడం కష్టం. అందుకని ఒక చుక్క ట్రిపాన్ బ్లూ రంగు కలుపుతారు. పొర సరిగ్గా ఉన్న కణం ఆ రంగును లోపలికి రానివ్వదు, మెరుస్తూ తెల్లగా ఉంటుంది. పొర పట్టు తప్పిన కణంలోకి రంగు దిగి నీలంగా మారుతుంది. గళ్లు గీసిన గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో గడిలో తెల్లనివెన్ని, నీలివెన్ని అని వేలితో మీట నొక్కుకుంటూ లెక్కపెట్టుకుంటారు.